ఏడొందల పది

ఫ్రిజ్ తలుపు తెరిచాను.
ఈల వినపడలేదు.
అలా తెలిసింది నాకు.

పైవాటాలో ఉండే నేవీ వాళ్లు
కొచ్చికి బదిలీ అయి వెళ్తూ
అట్టపెట్టెతో సహా ఒప్పజెప్పిన గినీ పిగ్.
వాళ్ల పాప రుణ్‌ఝున్ రూళ్ల కాయితం మీద రాసిచ్చింది:
గడ్డి ఎప్పుడూ ఉండాలి, జామముక్క రోజూ,
వీపు మీద కాదు, చెవి వెనక నిమరాలి.
పేరు బటన్.
పిగ్గంటారు గానీ పంది కాదు,
గినీ ఎక్కడుందో నాకే తెలీదు, దానికేం తెలుసు!
మల్కాపురంలో మా గుమ్మం పక్క బల్ల కింద
దాని దేశం.
కొత్తిమీర కవరు గరగరలాడితే చాలు
షిప్‌యార్డు సైరన్‌తో పోటీకి దిగేది.

నిన్నట్నించి ఆ కట్ట అలాగే వాడిపోతోంది.
మూతి దాకా తెచ్చుకుంటుంది,
ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోతుంది.
గడ్డం కింద తడి.

డాక్టరు చిన్న లైటు వేసి నోట్లోకి చూశాడు.
దవడపళ్లు లోపలికి పెరిగి
నాలుక మీద వంతెన కట్టాయట.
అరగదీసి పంపుతూ అన్నాడు:
"ఇక పేగు ఆగిపోకుండా చూసుకో.
మూడు గంటలకోసారి పట్టాలి. రాత్రి కూడా."

నేను పోర్టులో క్రేను నడుపుతాను.
ముప్పై టన్నుల డబ్బాని ఓడలోంచి ఎత్తి
లారీ మీద గుడ్డు పెట్టినట్టు పెడతానని పేరు.
ఆ బొటనవేలే ఇప్పుడు
సూది లేని సిరంజి వెనక వణుకుతోంది.
అర మిల్లీలీటరు.
పక్కనుంచి, ముందుపళ్ల వెనక సందులోంచి.
నమిలిందా? ఆగు.
మింగిందా? ఇంకాస్త ఆగు.
తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
నానబెట్టి మెదిపిన ఆ పచ్చటి ముద్ద
మొదటి రోజు నా చొక్కా తిన్నంత అది తినలేదు.

పొద్దున్నే చేపల దానమ్మ గుమ్మంలో తట్ట దించితే
కాటా అడిగాను.
"ఏటి బావూ, కానాగంతలు మానేసి ఎలకల్ని కొంటన్నావేటి?"
నవ్వింది గానీ
కాటా పళ్లెం కొంగుతో తుడిచింది,
గోనెముక్క మడతేసి పరిచి, సున్నా చేసి,
"ఎట్టు" అంది.
ఏడొందల అరవై.
మర్నాడు ఏడొందల ముప్పై.
మూడోనాడు ఏడొందల పది.
ఆ రోజు ఆమె నవ్వలేదు.
"మా సిన్నోడు పుట్టినప్పుడు ఇలాగే, దినామూ తూసీవోరు పెద్దాసుపత్రిలో.
తరవాత్తరవాత సేపలు తూసినా సేతులొణికీవి నాకు."
పన్నెండేళ్లుగా మా వీధికొస్తోంది.
చిన్నోడి మాట ఎప్పుడూ ఎత్తలేదు.
నేనూ ఆ పైన అడగలేదు.

రాత్రి రెండు.
రిఫైనరీ మంట కిటికీ అద్దం మీద ఊగుతోంది.
తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని
దాని పొట్ట నిమురుతున్నాను.
గుప్పెడంత వెచ్చన. గుండెకి ఎంత తొందరో!
ఫోన్లో పాప: బటన్ ఈల వేస్తోందా అంకుల్?
రోజుకి రెండుసార్లు ఇదే.
పాత ఈల ఒకటి రికార్డు చేసి ఉంది నా దగ్గర.
పంపబోయాను.
వేలు అక్కడే ఆగింది.
వచ్చీరాని హిందీలో రాశాను:
పళ్లు బాగు చేయించాను, తినడం మళ్లీ నేర్చుకుంటోంది.

ఐదో రోజు తెల్లారగట్ల
బల్ల కింద పరిచిన పాత పేపర్లో
టెండరు ప్రకటన మీద
ఏడు పెంటికలు.
వేళ్ల మీద లెక్కపెట్టి
మళ్లీ లెక్కపెట్టాను.
యాభై రెండేళ్లొచ్చాయి,
ఇలాంటి వాటికి మొక్కుకునే రోజు వస్తుందని ఎవడనుకున్నాడు!

దానమ్మ వచ్చింది.
ఏడొందల పది.
"తగ్గనేదు కదా" అంది, నా మొహం చూసి.
గోనె మీద ఓ ఎండు గడ్డిపోచ పడి ఉంటే
బటన్ దాన్ని వాసన చూసింది.
ఒక కొస నోట్లోకి లాక్కుంది.
రెండో కొస పళ్లెం అంచు దాటి బయట ఊగుతోంది.
ఎర్రంకెలు వణికాయి:
ఏడొందల పది, పదిహేను, మళ్లీ పది.
ఎక్కడ ఆగుతుందా అని ఇద్దరం వంగి చూస్తున్నాం.
వీధి చివర్నుంచి ఎవరో
చేపలో, చేపలో అని పిలుస్తున్నారు.
దానమ్మ పలకలేదు.